కదలని స్వరం

తీయగా ఉంది, అదే బాధ, నేను ఊదకపోతే పాట తీయగా ఉంది, బస్సు కిటికీ అద్దం మీద బూడిద పొర, శక్తినగర్ చిమ్నీలు వెనక్కి పోతున్నాయి, ఒళ్లో పెట్టె, పెట్టెలో చుట్టలు తిరిగిన నా ఇత్తడి హార్న్, దాని బరువుకు తొడలు తిమ్మిరెక్కుతున్నాయి, ముందు సీట్లో నా భార్య తమ్ముడు రంగా కునికిపాట్లు పడుతూ కూడా వేళ్లతో ట్రంపెట్ మీటలు నొక్కుతున్నాడు, రేపు సాయంత్రం ఆ చిమ్నీల కింద కరెంటు ప్లాంటు వార్షికోత్సవం, కాలనీ బడిలో సంగీతం చెప్పే ధనశ్రీ తెప్పించిన రచన, మూడు ఇత్తడి వాద్యాలకు ఎవరో పరదేశి రాసినది, పైన రంగా ట్రంపెట్, కింద జంబన్న ట్రాంబోన్, నడుమ నేను, నడుమ నేను ఉండాలా అక్కర్లేదా అన్నదే తేలలేదు.

చలికాలంలో మూతి ఒక పక్కకు లాగేసింది, మొహం నరం దెబ్బతిందన్నాడు డాక్టరు, చాలావరకు సర్దుకుంది గాని ఎడమ పెదవి ఇంకా నాది కాదు, టీ తాగితే కారుతుంది, ఇంట్లో నేను మాట మొదలుపెడితే నా భార్య సౌభాగ్యలక్ష్మి పూర్తి చేస్తుంది, ప్రేమతోనే, హార్న్ ఊదితే స్వరం అంచు చీలుతుంది, ఇవాళ రిహార్సల్లో అది విని రంగా నన్ను వరండాలోకి పిలిచి, బావా, నువ్వు ఊదకు, నోటికాడ పెట్టుకొని నిలబడు చాలు, బరాత్‌ల మనం చేస్తలేమా, గిట్లనే, అన్నాడు, చేస్తాం, రాయచూరు పెళ్లి బ్యాండ్లలో మామూలే, పెళ్లివాళ్లు మాట్లాడుకున్నంత మంది ఊదేవాళ్లు దొరక్కపోతే ఎవరికో ఎర్రకోటు తొడిగి చేతికి వాద్యమిచ్చి వరుసలో నిలబెడతాం, బుగ్గలు ఉబ్బించు, ఊపిరి మాత్రం వదలకు, అని ఎందరికో నేనే నేర్పాను, బుగ్గలన్న ఉబ్బించు బావా, ఫోటోల నిలబడ్డట్టు నిలబడకు, అని వాడు నవ్వాడు, నేనూ సగం మూతితో నవ్వి సరేనన్నాను, లోపలికెళ్లి నిలబడ్డాను, ఊదలేదు.

రెండో భాగం, పాత రాజకొలువుల నాట్యంలా మెల్లగా నడిచేది, పైన పాట, కింద అడుగులు, హార్న్‌కు పాట లేదు, ఒకే స్వరం, పొడుగ్గా, మొదట అది పాటలో కలిసిపోతుంది, తర్వాత పైదీ కిందిదీ పక్కకు జరుగుతాయి, ఇది జరగదు, తప్పులా గుచ్చుకుంటుంది, అవి తిరిగి వచ్చేసరికి మళ్లీ ఒప్పవుతుంది, తాను కదలకుండానే, ఇవాళ ఆ ముల్లు లేదు, పెళ్లిపందిట్లో పాటలా జారిపోయింది, జంబన్న ట్రాంబోన్‌లోని తడి నేలమీదకు విదిల్చి, ఈగ ఛంద ఆత్ నోడ్రి, అన్నాడు, ఇప్పుడు బాగైందట, నేను ఊదలేదని పాపం అతనికి తెలియదు, వెనక కుర్చీలు సర్దుతున్నవాళ్లు కూడా తలలూపారు, నేను లేకపోతే కొరత పడుతుందనుకున్నాను, ఏ కొరతా లేదు, అందరికీ హాయిగా ఉంది, ఇంట్లోనూ ఇంతేనేమో, నా మాటలు ఆమె నాకన్నా నున్నగా చెబుతుంది.

అలసట, కళ్లు మూసుకుంటే అదే భాగం మళ్లీ మొదలవుతుంది, రాసినవాడు కొత్త కాలపు మనిషి, మరి పాత నాట్యాన్ని ఎందుకు తెచ్చుకున్నాడు, పాట అరువు, అడుగులు అరువు, ముగింపులో వంగి చేసే నమస్కారం కూడా అరువే, అతనిదంటూ ఏముంది ఇందులో, వెతికితే కదలని ఆ ఒక్క స్వరం, దాన్ని తెలిసే పెట్టాడు, బస్సు గతుకులో పడింది, రంగా లేచి వెనక్కి తిరిగాడు, రేపు నేను ఊదుత రంగా, అన్నాను, పెదవి జారినా మాట పూర్తయింది, చీల్తది బావా, అన్నాడు మెల్లగా, చీలనీ, అన్నాను, వాడు కాసేపు నా మూతి వైపే చూసి ముందుకు తిరిగాడు, చీలుతుంది, జనం మొహాలు చిట్లిస్తారు, చిట్లించనీ, ఆ ముల్లు దిగాల్సిన చోటే అది, నేను లేనందుకు అందరికీ హాయిగా ఉండటం మాత్రం ఇంకోసారి బుగ్గలు ఉబ్బించి నిలబడి వినలేను.