సాయమ్మ చెప్పిన మాట

తెల్లవారుజామున బోరింగు దగ్గర బిందెల వరుసలో నిలబడి కళ్యాణి జర్మన్ పాఠం వల్లె వేసుకునేది. నానక్‌రామ్‌గూడలో ఆ భాష తెలిసినవాళ్ళు లేరు గనుక, వాచ్‌మన్ రాజయ్య బిడ్డ ఏదో మంత్రం పట్టిందని ఆడవాళ్ళు మొదట్లో నవ్వుకున్నారు, తరువాత అలవాటు పడ్డారు. వాళ్ళ ముందునుంచే పాలమూరు కూలీలతో కిక్కిరిసిన లారీలు మాదాపూర్ వైపు దుమ్ము రేపుకుంటూ పోయేవి. వాటిని తలతిప్పి చూసేవారు లేరు. 1999వ సంవత్సరంలో ఆ దారి పొడవునా అద్దాల భవనాలు లేస్తున్నాయని అందరం గర్వపడ్డాం. పొద్దున లారీ ఎక్కిన మనుషులందరూ సాయంత్రం తిరిగి వస్తున్నారా లేదా అని మాత్రం మనం అడగలేదు.

కళ్యాణి పట్నంలోని ఒక కాలేజీలో బి.ఎ. మూడో సంవత్సరం చదువుతున్నది. జర్మన్ ఆమె కోరి తీసుకున్నది కాదు. కంప్యూటర్ సబ్జెక్టుల్లో సీట్లు నిండిపోయాయి, ఇందులో ఖాళీలున్నాయి, అంతే. కానీ చేరిన కొద్దిరోజులకే ఆ క్లాసంటే ఆమెకు ప్రాణమైంది. ఇంగ్లీషు క్లాసులో ఆమె నోరు తెరిస్తే వెనక బెంచీల్లో నవ్వేవారు. తెలుగులో మాట్లాడినా యాసకు నవ్వేవారు. జర్మన్‌లో అందరూ ఒక్కచోటే మొదలుపెట్టారు. కాన్వెంటులో చదివిన పిల్లలకూ సర్కారు బడి నుంచి వచ్చిన ఆమెకూ అక్కడ తేడా లేదు.

మాస్టారు భీమేశ్వరరావుగారిది రాజమండ్రి వైపు. జర్మన్‌లో ఆడపిల్ల అనే మాట నపుంసకలింగం అని ఆయన చెప్పిన రోజు క్లాసంతా గొల్లుమంది. పిల్ల వచ్చింది, బండి వచ్చింది అని మనమూ ఒకేలాగ అంటాం కదండీ అని ఆయన నవ్వకుండా అడిగేసరికి అందరూ చల్లబడ్డారు. ఉపవాక్యంలో క్రియ చివరికి పోయే పద్ధతి మిగతావాళ్ళను ఏడిపించింది గానీ కళ్యాణికి ఇట్టే పట్టుబడింది. తన ఇంట్లో మాటలు నడిచే వరుస కూడా అదే కదా. మూడో ఏడు వచ్చేసరికి కవితలు చదివి అర్థం చెప్పడంలోనూ, కథలు చదివి వాటి మీద వ్యాసాలు రాయడంలోనూ ఆమెను మించినవాళ్ళు క్లాసులో లేరు.

రాజయ్య కాపలా ఉన్న భవనం ఇంకా కట్టుబడిలోనే ఉంది. ఆ ఎండాకాలం అక్కడ ఎల్లేశం అనే కూలి పై అంతస్తు పక్కన కట్టిన పరంజా కర్రల మీది నుంచి పడి చనిపోయాడు. అతని భార్య సాయమ్మ అక్కడే ఇటుకలు మోసేది. పని లేని పూట వచ్చి కళ్యాణి తల్లి ఈరమ్మ దగ్గర కూర్చుని పోయేది. ఎల్లేశం శవాన్ని ఊరికి పంపించారు, మరునాడు పని మళ్ళీ మొదలైంది. దినాలు కాగానే సాయమ్మ కూడా తిరిగి వచ్చి తట్ట ఎత్తుకుంది. అంతటితో ఆ సంగతి మరుగునపడేదే.

కానీ ఆ భవనంలో కిరాయికి దిగబోతున్నది ఒక జర్మన్ కంపెనీ. కట్టుబడి చూసి రమ్మని వాళ్ళు క్రూగర్ అనే ఇంజనీరును పంపించారు. పెద్ద వయసు మనిషి. తూర్పు జర్మనీలో పెరిగి బడిలో రష్యన్ నేర్చుకున్నవాడు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒక కూలి చనిపోయాడని ఎవరి నోటనో విని, అతని ఇంటివాళ్ళతో మాట్లాడతానని పట్టుబట్టాడు. మాట అటూ ఇటూ చెప్పడానికి మనిషి కావలసి వచ్చింది. పని చూసే మేనేజరు రవీందర్‌కు వాచ్‌మన్ బిడ్డ గుర్తుకు వచ్చింది.

కళ్యాణి ఆ పొద్దున ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వెళ్ళింది. తను నేర్చిన భాషలో ఒక జర్మన్ మనిషితో మాట్లాడబోవడం అదే మొదలు. రవీందర్ ఆమెను పక్కకు పిలిచాడు.

"చూడు చెల్లె, ఆ సాయమ్మ ఏడ్చుకుంట ఏదేదో అంటది. గదంతా చెప్పకు. తాగి ఎక్కిండు, కాలు జారింది, కంపెనీ మంచిగ చూసుకుంటున్నది. గంతే. రేపు ఈ బిల్డింగుల నీకే నౌకరి. మీ నాయిన గూడ ఈడనే ఉండాలె గద."

చివరి మాట అతను చాలా మెల్లగా, ప్రేమగానే అన్నాడు.

సాయమ్మను పిలిపించాక క్రూగర్ టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఏం జరిగిందో చెప్పమని అడిగాడు. కళ్యాణి ఆ ప్రశ్నను సాయమ్మకు చెప్పింది. సాయమ్మ ఏడవలేదు. కొంగు నడుముకు దోపుకుని నేరుగా చెప్పింది.

"ఆయన సుక్క ముట్టెటోడు కాదు. కర్రలు కదులుతున్నయని పొద్దుగాల్నే అన్నడు. ఎక్కకుంటే ఇంటికి పో అన్నరు. తాడు లేదు, కింద వల లేదు. ఆ కర్రల మీదనే ఇంకా మనుషులు ఎక్కుతున్నరు. సారుకు చెప్పు బిడ్డా."

ఆ మాటలన్నీ కళ్యాణి తలలో జర్మన్‌లోకి మారిపోయాయి. ఒక్క విభక్తి తప్పలేదు, క్రియలన్నీ వాటి వాటి చోట్లలో నిలిచాయి. ఆమె గేటు వైపు చూసింది. రాజయ్య చేతులు కట్టుకుని ఇటే చూస్తున్నాడు. రవీందర్‌కు జర్మన్ రాదు. ఆమె ఏమి చెప్పినా ఆ క్షణంలో అతనికి తెలిసేది కాదు. కానీ క్రూగర్ ముఖం చూస్తే తెలియడానికి మరో క్షణం పట్టదు. ఆమె నోరు తెరిచింది. తాగి ఎక్కాడనీ, కాలు జారిందనీ, కంపెనీవాళ్ళు దయగా చూస్తున్నారనీ చక్కటి ఉచ్చారణతో చెప్పింది.

క్రూగర్ తల వంచి సానుభూతి చెప్పాడు. ఆ ముసలాయన ముఖంలో దిగులు చూసి తన మాట చేరిందనుకుంది సాయమ్మ. కళ్యాణి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుని, నీ చదువు సల్లగుండ అని దీవించి పోయింది.

వారం తిరగకముందే ఒక సాయంత్రం సాయమ్మ వాళ్ళ ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప బయటే నిలబడింది. తనతో తట్ట మోసే జయమ్మ ఆ కర్రల మీది నుంచే పడి నడుము విరిగి ఉస్మానియా దవాఖానలో ఉందని చెప్పింది. జర్మన్ సారుకు అంతా చెప్పినా కర్రలు ఎందుకు మార్చలేదని రవీందర్‌ను నిలదీసిందట. అతను నవ్వి, మొగుడు తాగి పడ్డాడని నువ్వే చెప్పావు కదా అన్నాడట.

"నేను గట్లన్ననా బిడ్డా?" అని అడిగింది సాయమ్మ. "నేను ఆ మాట అన్ననా?"

రాజయ్య మధ్యలోకి వచ్చి, పొద్దుపోయింది, ఇగ నడువమని సాయమ్మను పంపించివేశాడు. బిడ్డ ముఖం వైపు మాత్రం చూడలేకపోయాడు.

మరునాడు క్లాసులో భీమేశ్వరరావుగారు యుద్ధం తరువాతి జర్మన్ సాహిత్యం మొదలుపెట్టారు. కూలిన ఊళ్ళు, తిరిగిరాని మనుషులు. ఇంత ఘోరం ఎలా జరిగిందని అడిగితే, మాకు చెప్పినట్టు చేశామని మాత్రమే చాలామంది జవాబిచ్చారనీ, ఆ జవాబును ఒప్పుకోకపోవడం నుంచే ఆ కథలు పుట్టాయనీ ఆయన వివరించారు. ఎప్పుడూ ముందు చెయ్యెత్తే కళ్యాణి ఆ రోజు బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. క్లాసు ఖాళీ అయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది.

ఆయన చేతిలోని పుస్తకం మూసి కూర్చున్నారు.

"మూడేళ్ళూ నీకు తప్పులు దిద్దాను కళ్యాణీ. మార్కులు వేశాను. ఈ భాష ఎవరి కోసం మాట్లాడాలో ఒక్కరోజూ చెప్పలేదు. నీ తప్పులో నాకూ భాగం ఉంది" అన్నారు. ఆ ఇంజనీరు ఇంకా ఊళ్ళోనే ఉన్నాడా అని అడిగారు.

ఉన్నాడు. కళ్యాణి కాలేజీ నుంచి నేరుగా కట్టుబడి దగ్గరికి వెళ్ళి, రవీందర్ పక్కనుండగానే, సాయమ్మ చెప్పినదంతా క్రూగర్‌కు చెప్పింది. తను అబద్ధం చెప్పానని కూడా చెప్పింది. జయమ్మ సంగతీ చెప్పింది. ఈసారి రెండుచోట్ల విభక్తులు తప్పాయి. క్రూగర్ ఆమెను ఒక్క మాట అనలేదు. లేచి వెళ్ళి ఆ కర్రలను చేత్తో పట్టి కదిపి చూశాడు. వాటిని విప్పి, వలలు కట్టేదాకా పని సాగరాదని అప్పటికప్పుడు పట్టుబట్టాడు. చనిపోయినవాడి కుటుంబానికి న్యాయం జరగాలని తన కంపెనీవాళ్ళకు రాస్తానన్నాడు. రాశాడో లేదో, రాస్తే ఎవరు చదివారో తెలియదు. సాయమ్మకు మాత్రం ఏదీ అందలేదు. రాజయ్యను ఆ సాయంత్రమే పనిలోంచి తీసివేశారు. ఇంటికి వచ్చి అతను బిడ్డను తిట్టలేదు, అన్నం కూడా తినలేదు.

అప్పటికే సాయమ్మ పట్నం విడిచిపోయింది. వానాకాలం పంట చేతికొచ్చే రోజుల్లో కళ్యాణి ఆమె ఊరు వెతుక్కుంటూ పాలమూరు వెళ్ళింది. ఎవరిదో చేనులో సాయమ్మ కూలికి పల్లికాయ ఏరుతున్నది. కళ్యాణి ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. నీ మాట ఆ సారుకు చేర్చాననీ, కర్రలు తీయించారనీ, తనను మన్నించమనీ అన్నది.

సాయమ్మ కాయలకు అంటిన మట్టి దులుపుతూనే విన్నది.

"మంచిగనే చేసినవు బిడ్డా. జయమ్మది గూడ మా ఊరే. మంచంల నుంచి లేస్తలేదు. నువ్వు ఆ దినమే చెప్పి ఉంటే లేచి తిరుగుతుండె."

బిడ్డ ఎండలో వచ్చిందని తన చెంబులో నీళ్ళు తాగమని ఇచ్చి, మళ్ళీ సాలులోకి వంగింది. కళ్యాణి ఆ చెంబు పట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నది.

చదువుకుంటున్న పిల్లలకూ, చదివిస్తున్న పెద్దలకూ చెప్పవలసింది ఇదే. ఒక భాష నేర్చుకోవడమంటే ఇంకొకరి మాటను భద్రంగా మోస్తానని ఒప్పుకోవడం. దిక్కులేనివాళ్ళ మాటను భయపడి దారిలో పారవేస్తే, తరువాత ఎంత వెతికి తెచ్చి ఇచ్చినా విరిగిన నడుము అతకదు.