శాలువా అత్త ఇల్లెందుకు వదిలింది

మేం పనిచేసే కుట్టుపని హాల్లో టీవీకి ఆరేళ్ళుగా నోరు లేదు. స్పీకరు పోయింది. బాగుచేయించమని అడిగితే మా యజమాని, కళ్ళు టీవీకి ఇచ్చారు, చెవులు కూడా ఇచ్చేస్తే ఇక నా యూనిఫారాలు ఎవరు కుడతారన్నాడు. అంత తెలివైన మాట ఆయన నోట మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

రోజూ మధ్యాహ్నం రెండింటికి సీరియల్ వస్తుంది. తెరమీద వాళ్ళు పెదాలు కదుపుతారు, మిషను తొక్కుతూ మాటలు నేను అందిస్తాను. అందుకే నన్ను రేడియో అంటారు. సాయంత్రం మళ్ళీ వేసినప్పుడు ఇంట్లో చూసి, కథ తెలుసుకుని చెబుతున్నానని హాల్లో అందరి నమ్మకం. నిజానికి వాళ్ళిళ్ళలో లేనట్టే మా ఇంట్లోనూ టీవీ లేదు. వేసుకున్న బట్టల్ని బట్టి కథ అల్లేస్తాను. లేసు గౌను పిల్ల అమాయకురాలు. బిగుతు కోటువాడు మోసగాడు. ఎండాకాలంలో కూడా శాలువా తియ్యని అత్తగారు ఏదో దాస్తోంది. ఆరేళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదంటే అది నా గొప్పో, ఆ సీరియల్ గొప్పో చెప్పలేను.

అందరికంటే ఎక్కువ నమ్మింది కాజాలమ్మ. కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం ఆమె పని. నాకంటే పదేళ్ళు చిన్నది, నా పక్క స్టూలు మీదే కూర్చుంటుంది, అక్కా అని పిలుస్తుంది. శాలువా అత్త ఏడిస్తే తనూ ఏడుస్తుంది. ఆ ఏడుపు చూసి నేను ఇంకో నాలుగు మాటలు ఎక్కువ వేస్తాను. పొగిడేవాళ్ళు పక్కనుంటే ఎవరి నాలుక మాత్రం ఊరుకుంటుంది.

సీరియల్ రెండువేలవ భాగమని టీవీవాళ్ళు అభిమానులతో ముచ్చట్ల కార్యక్రమం పెట్టారు. ఉత్తరం రాసినవాళ్ళలో కొందరిని పిలిచి కథ మీద ప్రశ్నలు అడుగుతారట. నేను ఏడు కార్డులు రాశాను. కాజాలమ్మ ఒక్కటి రాసింది, అదీ రెండు తప్పులతో. పిలుపు ఆమెకొచ్చింది. ఒళ్ళు మండింది. పైకి మాత్రం, మా కాజాలమ్మ టీవీలోకెక్కుతోందోచ్ అని హాలంతా చాటింపు వేసింది నేనే.

ఆమెకు టీవీలో కనిపించాలన్న మోజు లేదు. ఆమె గోలంతా ఆడపడుచు గురించి. బస్టాండులో టికెట్లు ఇచ్చే ఆ మహాతల్లి, సీరియల్ చూసేవాళ్ళకు బుర్ర ఉండదని ఎప్పుడో తేల్చేసింది. పదిమందిలో ఉన్నప్పుడు మరదలు నోరు విప్పబోతే, నీకేం తెలుసు ఊరుకో అనేస్తుంది. పన్నెండేళ్ళుగా ఊరుకున్న మనిషి, నాలుగు ప్రశ్నలకు సరైన జవాబులు చెప్పి, ఆ ఒక్క ఆడపడుచు ముందు తలెత్తుకోవాలనుకుంది. ఆ జవాబులన్నీ నేను నేర్పినవే.

ప్రయాణం ముందురోజు బట్టలు సర్దడానికి నేనూ, హాల్లో ఇస్త్రీ చేసే పిన్నీ ఆమె గదికి వెళ్ళాం. మంచం మీద పెట్టె, పెట్టెలో సగం బట్టలు, మిగతా సగం కుర్చీ మీద. టీవీవాళ్ళు పంపిన కాగితం పిన్ని చదివింది. తెలుపు వద్దు, గళ్ళు వద్దు, సన్న చారలు వద్దు, పాస్టెల్ రంగుల్లో సెమీ ఫార్మల్ మూడు జతలు తెచ్చుకోవాలి. పాస్టెల్ అంటే ఏమిటని కాజాలమ్మ అడిగింది. ఉతికి ఉతికి వెలిసిపోయిన రంగు, దానికోసం వెతకాల్సిన పని లేదు, నీ బీరువా నిండా అవే ఉన్నాయన్నాను. సెమీ ఫార్మల్ అంటే పైన ఇస్త్రీ చేసి కింద చెయ్యకపోవడమేమోనని పిన్ని అనుమానం. పాతికేళ్ళుగా బట్టల మధ్యే బతుకుతున్న ముగ్గురం, వేసుకునే బట్టకు వాళ్ళు పెట్టిన పేర్లు తెలియక ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాం. జుబ్బాకు ట్యూనిక్ అని పేరు పెడితే ధర రెండింతలవుతుందని, ఆ పేరు పెట్టినవాడికి ఒక్క కాజా కుట్టడం కూడా వచ్చుండదని నేను తిట్టాను. ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం.

నవ్వుతూ నవ్వుతూనే కాజాలమ్మ పాఠం అప్పజెప్పడం మొదలెట్టింది. లేసు గౌను పిల్ల ఎవరి కూతురు, కోటువాడు జైలుకెందుకు వెళ్ళాడు, అన్నీ గడగడా చెప్పింది. శాలువా అత్త ఇల్లెందుకు వదిలిందంటే, ఆ ఇంటి డ్రైవరు తన మొదటి కొడుకని తెలిసి, మొహం చూపించలేక వెళ్ళిపోయిందని చెప్పింది. ఆ కొడుకుని నేను ఒక పంటినొప్పి రోజున పుట్టించాను. అప్పుడు నోరు తెరవడం కష్టంగా ఉండి, కథ త్వరగా తెమిలిపోవాలని అలా అనేశాను.

"అంతేనా అక్కా? ఏమైనా తప్పుందా?" అంది, మడత పెట్టిన జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని.

చెప్పెయ్యాల్సింది. నా చేతిలో ఆమె నీలం గౌను ఉంది. దాన్ని మడిచాను, విప్పాను, మళ్ళీ మడిచాను. రెండుసార్లు నోరు తెరిచాను. పిన్ని అక్కడే ఉంది. ఆరేళ్ళు మీ చెవుల్లో పువ్వులు పెట్టానని చెబితే రేపటినుంచి హాల్లో నా మొహం ఎవరు చూస్తారు? లోపలెక్కడో ఏడు కార్డుల మంట కూడా ఆరలేదు. అంతా సరిగ్గానే ఉంది, భయపడకుండా గట్టిగా చెప్పమన్నాను. గౌను పెట్టెలో పెట్టాను.

మూడురోజులకు తిరిగొచ్చింది. ఎలా జరిగిందంటే బాగానే జరిగిందని కాజాల మీదికి తల వంచేసింది. శాలువా అత్త దగ్గర్నుంచి చూస్తే ఎలా ఉంటుందని పిన్ని అడిగితే, శాలువా నకిలీది, ఊలు కాదు అని మాత్రం చెప్పింది. నన్నేమీ అడగలేదు. నేనూ తనని ఏమీ అడగలేదు.

ప్రసారమయ్యే రోజు ఆడపడుచుని మా హాలుకే పిలిచింది. ఆవిడ ఇంట్లో బాగా వినిపించే టీవీ ఉండగా, నోరులేని మా టీవీ దగ్గరికి ఎందుకు పిలిచిందో నాకు వెంటనే అర్థమైంది. అక్కడన్న మాటలు ఆవిడకు వినబడకూడదనే. ఆవిడ రానే వచ్చింది. యజమాని కుర్చీ వేయించాడు, టికెట్ల కిటికీ వెనక కూర్చున్నట్టే అందులో కూర్చుంది.

కార్యక్రమం మొదలైంది. అరగంట తర్వాత కాజాలమ్మ కనబడింది, నీలం గౌనులో. మైకు పట్టుకున్న కుర్రది ఏదో అడిగింది. కాజాలమ్మ పెదాలు కదిలాయి, ధైర్యంగా, చాలాసేపు. తర్వాత చుట్టూ జనం కనిపించారు. అందరూ నవ్వుతున్నారు. కొందరు వంగిపోయి, చప్పట్లు కొట్టి మరీ నవ్వుతున్నారు.

"ఏమన్నావేంటి, అంతలా నవ్వుతున్నారు?" అంది ఆడపడుచు.

కాజాలమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. నేనుండగా హాల్లో మాటలకు కరువా. చూడండి వదినగారూ, మీ మరదలు వేసిన ఛలోక్తికి జనం పడీపడీ నవ్వుతున్నారని అందుకున్నాను. బతుకు బట్టలాంటిదని, పైకి కనిపించే కుట్టుకంటే లోపలి కుట్టు గట్టిగా ఉండాలని, ఇంకా ఏవేవో, తెరమీద పెదాలకు సరిపోయేలా అందించాను. ఆరేళ్ళలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ఆడపడుచు మొహం మెల్లగా మెత్తబడింది. మరదలి వైపు తిరిగి, ఇంత తెలివిగా మాట్లాడతావని నాకు తెలియలేదే అంది. పన్నెండేళ్ళలో ఆవిడ నోటివెంట వచ్చిన మొదటి మంచిమాట అది.

హమ్మయ్య, బాకీ తీరిపోయిందనుకున్నాను.

కాజాలమ్మ సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది.

"చాలు అక్కా. అవి నా మాటలు కావు." ఆడపడుచు వైపు తిరిగింది. "నేనన్నదంతా తప్పు వదినా. ఆ కథలో డ్రైవరే లేడట. శాలువా ఆవిడకు పిల్లలే లేరట. అందుకే నవ్వారు. నీకీ కథ ఎవరు చెప్పారమ్మా అని ఆ మైకుపిల్ల అడిగింది. ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను అన్నాను."

మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆడపడుచు ఎప్పటి మాట అనబోయి, ఎందుకో అనలేదు. అదేంటి, ఎవరు చెప్పారో చెప్పొచ్చుగా అని పిన్ని గొణిగింది.

"చెబితే ఊరూరా అక్కని చూసి నవ్వుతారు కదా పిన్నీ. నన్ను చూసి ఎలాగూ నవ్వుతున్నారు." అప్పుడు నా వైపు చూసింది. కోప్పడి ఉన్నా బాగుండేది. "పెట్టె సర్దేటప్పుడు నువ్వు రెండుసార్లు నోరు తెరిచావు అక్కా. అప్పుడు నాకు తెలియలేదు. ఆ నవ్వుల మధ్య కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది."

మా ఇంట్లో టీవీ లేదని చెప్పాను. ఆ నాలుగు మాటలూ అందరికీ వినబడ్డాయి. కాజాలమ్మ తన స్టూలు తీసుకుని, హాలు ఆ చివర, ఇస్త్రీ బల్ల పక్కకు వెళ్ళి కూర్చుంది.