ఆయనగారి చెవి

ఆదివారం పొద్దున ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే భర్త వచ్చి ఫోన్ ఆమె చెవికి ఆనించాడు. "ఈ పాట వస్తే మార్చేస్తావా, ఉంచుతావా?" మార్చేస్తానంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆమె మార్చేస్తానన్న పాట మర్నాటినుంచి ఆ స్టేషన్‌లో వినపడదు, ఉంచుతానన్న పాట వద్దన్నా మోగుతుంది. ఆయనగారు రేడియో స్టేషన్‌లో ఏం వెయ్యాలో తేల్చే పెద్దమనిషి. ఆయనది బంగారు చెవి అని ఆఫీసంతా చెప్పుకుంటుందట. ఆ బంగారు చెవి రోజూ ఉల్లిపాయల వాసన ఎందుకు కొడుతుందో మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

నగరంలో డజను స్టేషన్లున్నాయి. డజనూ కొత్త సినిమా పాటలే వేస్తాయి. విసుగొచ్చి ఇంకోదానికి తిప్పితే అక్కడా అదే పాట, కాకపోతే రెండో చరణంలో ఉంటుంది. ఆ డజనులో ఆయన స్టేషన్‌ది అట్టడుగు స్థానం. ఏదో ఒక దారి చూడకపోతే మూసేస్తానని ఓనరు తెగేసి చెప్పాడు. ఆయన చూసిన దారల్లా అవే పాటల్ని ఇంకాస్త హోరుగా వెయ్యడం.

"జనంలో ముప్పాతికమంది అడిగేది కొత్త పాటలే. అంత పెద్ద గుంపుని ఎవడైనా వదులుకుంటాడా?" అన్నాడు కిందటి నెలలో, చిన్నపిల్లకి ఎక్కాలు నేర్పుతున్నట్టు.

"ఆ గుంపుని మీరు పన్నెండుమంది పంచుకుంటున్నారు కదండీ. మిగతా పావువంతు మనుషుల మొహం చూసినవాళ్లు లేరు. వాళ్లంతా మీకే వస్తే ఇప్పటికంటే నాలుగింతలకి పైనే."

"వాళ్లకేం కావాలట?"

"మాటలు. పగలంతా మా చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీగా ఉంటాయి. కాస్త బుర్ర ఉన్న మాట ఎవరైనా చెప్తే బాగుండునని ఉంటుంది. పాట మధ్యలో ప్రకటన వస్తే టక్కున మార్చేస్తాం, ఎందుకంటే అదే పాట పక్కన దొరుకుతుంది. సగం చెప్పి ఆపిన మాట పక్కన దొరకదుగా. మిగతాది వినేదాకా మీ సబ్బుల గొడవ కూడా భరిస్తాం."

ఈ చివరి ముక్క వచ్చేసరికి ఆయన ఫోన్లో తలదూర్చేశాడు, అది సగమే చెవిన పడింది. "ఇంట్లో కూర్చునేదానివి, వ్యాపారం నీకేం తెలుసులే" అన్నాడు. అత్తగారు కూడా ఓ చెయ్యి వేసింది. "దానికేంరా, రేడియో వింటూ ఉంటే చాలు, పొద్దు గడిచిపోతుంది." ఆ పొద్దు గడవడంలోనే ఆవిడ ముద్దలు, ఆవిడ మందులు, ఆవిడ దుప్పట్లు ఉన్నాయని ఆవిడకి తట్టలేదు.

వారం తిరక్కుండానే ఆయన ఫోన్లో ఓనరుతో అంటున్నాడు: "నేనో లెక్క వేశాను సార్. ముప్పాతికని పన్నెండుమందిమి పంచుకుంటున్నాం..." ఆమె పక్కనే కూర్చుని ఆయన చొక్కాలు మడతపెడుతోంది. ఒళ్లు మండిపోయింది. కాసేపటికి నవ్వొచ్చింది. ఎత్తుకుపోయేవాడు మొత్తం ఎత్తుకుపోవాలి కదా, ఈయన సగమే పట్టుకెళ్లాడు.

ఆ లెక్క ఖాయం చెయ్యడానికే ఈ ఆదివారం భోజనం. ఓనరు వచ్చాడు, ప్రకటనలు తెచ్చే ఆయన వచ్చాడు. బల్ల దగ్గర నాలుగు కుర్చీలు. మూడింట్లో మగవాళ్లు కూర్చున్నారు. నాలుగోదాంట్లో ఓనరుగారి బ్యాగు కూర్చుంది. ఆమె నిలబడి వడ్డిస్తోంది.

"మీ ఆయన చెవే చెవమ్మా" అన్నాడు ఓనరు. "ఇంతకీ మీరేం వింటుంటారు?"

ఆమె నోరు తెరిచింది.

"ఆవిడకేంటి సార్" భర్త అందుకున్నాడు. "ఏ పాటైనా ఒకటే."

ముగ్గురూ నవ్వారు. ఆమె గరిటె గిన్నెలో పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడికీ మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"నాకొకటే అనుమానం" అంటున్నాడు ప్రకటనల ఆయన. "పాటల మధ్యలో ప్రకటనొస్తే జనం మార్చేస్తారు. మాటల మధ్యలో మాత్రం ఎందుకు మార్చరు?"

"అంటే... మాటల్లో అయితే ఒక రకమైన ఫీలింగ్ ఉంటుంది కదా సార్..."

"ఫీలింగ్‌కి ఎవడూ డబ్బులివ్వడయ్యా" అన్నాడు ఓనరు. "సరిగ్గా చెప్పు. లేదంటే నీ లెక్కా వద్దు, నువ్వూ వద్దు."

"నీళ్లు తెస్తా సార్."

జన్మలో నీళ్లజగ్గు ముట్టని మనిషి దాన్ని పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "అప్పుడేదో అన్నావే, ప్రకటనొచ్చినా మార్చం అని. ఎందుకు? తొందరగా చెప్పు" అన్నాడు గుసగుసగా.

ఆమె ఆయన్ని పరకాయించి చూసింది. ఒకప్పుడు ఈ మనిషి తెలివైనవాడని మురిసిపోయింది. తను చెప్పిందే ఆయన నోట తిరిగి వింటూ, ఎంత బాగా మాట్లాడతాడో అనుకుంది. ఇన్నేళ్లూ ఒక మైకు గొట్టాన్ని చూసి మనిషనుకున్నందుకు ఆమెకి తన మీదే జాలేసింది. ఆయన మీద మాత్రం అదీ కలగలేదు.

"నాకేంటండీ" అంది. "ఏ పాటైనా ఒకటే."

"ఎగతాళి చేస్తున్నావా? ఉద్యోగం పోయేలా ఉంది."

ఆమె కంచం తీసుకుని బయటికి నడిచింది. నాలుగో కుర్చీలోంచి బ్యాగు తీసి కింద పెట్టింది. కూర్చుని అన్నం వడ్డించుకుంది. ఇంకా పొగలు కక్కుతోంది. ఈ బల్ల దగ్గర వేడి అన్నం తినడం ఆమెకి ఇదే మొదలు.

భర్త జగ్గు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. అందులో నీళ్లు లేవు. "ఏమయ్యా, చెప్పవేం?" అన్నాడు ఓనరు. ఆయన ఆమె వంక చూశాడు.

ఆమె ముద్ద మింగి, తల కూడా ఎత్తకుండా అంది:

"ఆ కూర ఇలా ఇవ్వండి. ఇచ్చాక, లోపల నన్నేదో అడిగారే, అదిక్కడ అడగండి."