కెటిల్‌లో కరిగిన బిళ్ల

స్క్రూడ్రైవర్ మొన దూర్చి విదిలించగానే ఇంజిన్ మీది బిళ్ల టక్కున ఊడి అతని అరచేతిలో పడింది. నడిమి సీసం లేదు, బోలు రింగు మిగిలింది. దాన్ని టాక్సీ డ్రైవరు కళ్ల ముందు ఆడించి, "కరిగింది. గ్యారంటీ లేదు" అన్నాడు.

డ్రైవరు బతిమాలాడు, తర్వాత తిట్టాడు, రోజంతా స్టాండులోనే పడుంటానని, మనసు మారితే కబురు పెట్టమని చెప్పి పోయాడు. అతను రింగుని బల్ల మీది గాజు సీసాలో పడేశాడు. సీసా మెడదాకా అలాంటి రింగులే.

పదకొండేళ్లుగా అతని పని ఇదే. పాత భాగాలతో బిగించి షాపు అమ్మే ప్రతి రెడీమేడ్ ఇంజినుకీ చొక్కా గుండీ అంత బిళ్ల, వెనక నంబరు గీసి, అంటిస్తాడు. ఇంజిన్ హద్దు మీరి వేడెక్కితే బిళ్లలోని సీసం, తొందరగా కరిగేలా వేరే లోహాలు కలిపింది, కరిగి కారిపోతుంది. కరిగితే తప్పు కొన్నవాడిది, రేడియేటర్లో నీళ్లు చూసుకోలేదని లెక్క. కరగకుండా ఇంజిన్ చెడితే తప్పు షాపుది, ఇంకో ఇంజిన్ ఇవ్వాలి. అంటించేదీ పీకి చూసేదీ తనే కనక అందరూ అతన్ని బిళ్లాయన అంటారు. వెనక ఇంకా చాలా అంటారు.

ఎండిన మొహం, పై గుండీ దాకా బిగించిన ఇస్త్రీ చొక్కా, ఎంత తోమినా నలుపు వదలని గోళ్లు. కొనేవాళ్లంటే అతనికి ఒళ్లు మంట. ఉన్న ఇంజిన్ విప్పించి బాగుచేయించుకునే ఓపిక ఉండదు. వెండి రంగు పూసింది కనబడితే చాలు, లోపల ఎవరి పిస్టన్లో, ఎవడు బిగించాడో అడగరు. కొనేటప్పుడు నోట్లో నాలుక ఉండదు, చెడ్డాక పది మొలుస్తాయి. అతని నోట 'కాదు' అన్నది తప్ప వేరే మాట రాదని భార్య కూడా ఏదీ అడగడం మానేసింది. అయినా తను అబద్ధమాడడు. అతనికున్న గర్వం అదొక్కటే.

మరీ రచ్చ చేసేవాళ్ల కోసం కెటిల్ ఉంది. టీకి కాదు. మరిగే నీళ్లలో కొత్త బిళ్ల వేసి, గరిటెతో తీసి చెక్కుచెదరలేదని చూపిస్తాడు. మామూలుగా తిరిగే ఇంజిన్ మరిగే నీళ్ల వేడి దాటదు, దాటించింది మీరేనంటాడు. దాంతో నోళ్లు మూతపడతాయి. ఈమధ్య ఓపిక లేక అదీ మానేశాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత పెడుతుండగా స్కూలు వ్యాన్ నడిపే ఆవిడ వచ్చింది. ఆమె వ్యాన్‌ని తాడు కట్టి లాక్కొచ్చారు. ఈ షాపు ఇంజిన్ వేయించి మూడు నెలలు కాలేదు. నిన్న వంతెన మీద పద్నాలుగు మంది పిల్లలతో ఆగిపోతే ఒకరి చేతులు ఒకరికి పట్టించి నడిపించుకెళ్లింది. సోమవారానికి వ్యాన్ తిరక్కపోతే తల్లిదండ్రులు ఇంకో వ్యాన్ చూసుకుంటామన్నారు. అది పోతే ఆమెకి వేరే బతుకుతెరువు లేదు.

బిళ్ల పీకాడు. కరిగింది.

రోజూ పొద్దున్నే తనే నీళ్లు చూస్తానని, వేడి చూపించే ముల్లు ఏనాడూ సగం దాటలేదని ఆమె చెప్పింది.

"ముల్లు తప్పు చూపిస్తుందమ్మా. బిళ్ల చూపించదు."

"అయితే అబద్ధం మీరే చెబుతున్నారు."

ఎన్ని తిట్లయినా దులిపేసుకునేవాడు ఆ ఒక్క మాటకి భగ్గుమన్నాడు. కెటిల్ స్విచ్ నొక్కాడు. నీళ్లు తెర్లగానే, పొద్దుట్నించీ అంటిస్తున్న పెట్టెలోంచి చేతికందిన బిళ్ల అందులో పడేశాడు. కళ్లు పెట్టుకుని చూడమన్నాడు. గరిటె పైకి తీశాడు.

గరిటెలో బోలు రింగు ఉంది.

ఇంకోటి వేశాడు. అదీ అంతే. అద్దాల గదిలోంచి యజమాని వచ్చాడు. పాత యజమాని కొడుకు, చిన్నప్పట్నించీ ఇతన్ని బాబాయ్ అనే పిలుస్తాడు. కెటిల్‌లోకి తొంగిచూసి గొంతు తగ్గించాడు.

"చూపించడానికి పై సొరుగులో వేరే పెట్టాను కదా బాబాయ్. వీటినెందుకు ముట్టుకున్నావ్?"

నాలుగు నెలల కిందట కొత్త బిళ్లల పెట్టె వచ్చినప్పుడు ఆ మాట చెప్పాడు నిజమే. ఎందుకని తను అడగలేదు. వచ్చినవాళ్లందరినీ నిలదీసి ప్రశ్నలడిగే మనిషి ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. తల కొట్టేసినట్టయింది అతనికి.

ఆమె సీసా వైపు చూస్తోంది. "అవన్నీ ఇలాంటివేనా?"

"పై సగం, ఈ నాలుగు నెలలవి" అన్నాడు బిళ్లాయన.

కాగితం లాక్కుని, బిళ్ల లోపం షాపుది, ఇంజిన్ మార్చి ఇవ్వాలి అని రాశాడు. సంతకం పెడితే రేపట్నించి రానక్కర్లేదన్నాడు యజమాని. సంతకం పెట్టి, పక్కనే ఉన్న షాపు స్టాంపు కూడా గుద్ది ఆమెకిచ్చాడు.

ఆమె దణ్ణం పెట్టలేదు. కాగితం రెండుసార్లు చదివి మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"మిగతావాళ్లకి ఎవరు రాసిస్తారు?"

ఆమె వెళ్లిపోయింది. అతను అన్నం డబ్బా సంచిలో వేసుకుని, సీసా చంకన పెట్టుకున్నాడు.

"సీసా షాపుది" అన్నాడు యజమాని.

"ఇందులో ఉన్నవి నీవి కావు."

మెట్లు దిగి టాక్సీ స్టాండు వైపు నడిచాడు. ప్రతి అడుక్కీ చంకలో రింగులు గలగలలాడుతున్నాయి. పైన ఉన్నది పొద్దుటి డ్రైవరుది. ఏం చెప్పాలో ఇంకా తోచలేదు, కొడతాడేమోనని భయం కూడా వేసింది, అయినా ఆగలేదు.

కెటిల్ బల్ల మీదే ఉండిపోయింది. నీళ్లు చల్లారాయి, అడుగున రెండు సీసం చుక్కలు గట్టిపడి అంటుకుపోయాయి.