పడవ ఎక్కిన మీటరు బావగారు

బజారు వీధిలో కొట్లవాళ్లంతా కలిసి శని, ఆదివారాలు వంతెన దాటి దీవి చూసి రావడానికి బస్సు మాట్లాడుకున్నప్పుడు, మీటరు బావగారు వస్తారని ఎవరూ అనుకోలేదు. ఆయనది బట్టల కొట్టు. చేతిలో ఇనప మీటరు బద్ద లేకుండా ఆయన్ని చూసినవాళ్లు తక్కువ కాబట్టి ఆ పేరు పడింది. వ్యాపారం ఉన్న రోజున కొట్టు మూయడమంటే ఆయనకు ప్రాణం మీదికొచ్చినట్టే.

అయినా బయల్దేరారు. కారణం ఆయన భార్య. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ అడిగింది ఒక్కటే, సముద్రంలో పడవ ఎక్కించమని. ప్రతిసారీ సరిగ్గా గడప దాటే వేళకు ఎవరో ఒకరు పెళ్లి బట్టలకు వచ్చేవారు, ప్రయాణం ఆగిపోయేది. ఈసారి ఆవిడ అలగలేదు. కూర తరుగుతూ మామూలుగా చెప్పింది.

"ఆదివారం మధ్యాహ్నం పడవట. మీరుంటే మీతో ఎక్కుతాను, లేకపోతే ఒక్కదాన్నే ఎక్కుతాను. ఆ తర్వాత ఎక్కడికీ తీసుకెళ్లమని మిమ్మల్ని అడగను."

గొంతు పెంచి గొడవపడి వెళ్లిన గిరాకీ మళ్లీ వస్తుందని, మెల్లగా మాట చెప్పి లేచి వెళ్లిన గిరాకీ ఇక రాదని ఆయనకు అనుభవం. బావగారు ఆ సాయంత్రమే బస్సుకు డబ్బు కట్టేశారు.

శనివారమంతా కొండ ఊళ్లు తిరిగారు. రాతి ఇళ్లు, మెట్ల వీధులు, ఒక ఇంటి కప్పు మీద ఇంకో ఇంటి వాకిలి. ఆడవాళ్లు లోయలు చూస్తే, మగవాళ్లు కొట్ల షట్టర్లు చూశారు. "ఈ మలుపులో ఇంత చిన్న కొట్టేంటి బావగారూ?" అని గాజుల కొట్టాయన బుగ్గలు నొక్కుకున్నాడు. బస్సు పెత్తనం ఆయనదే. మూడో హారన్ కొట్టాక ఎవరొచ్చినా రాకపోయినా బస్సు కదలాలని అందరినీ ఒప్పించాడు.

ఆదివారం ఆఖరి కొండ ఊళ్లో టీకి ఆగారు. అక్కడి నుంచి తిన్నగా సముద్రం ఒడ్డుకే. బావగారు కాళ్లు సాగదీస్తూ ఒక ఉన్ని బట్టల కొట్టు ముందుకు వెళ్లారు. అదే పొరపాటు.

"బాబూ, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను. ఒక్క క్షణం కొట్టు చూస్తూ ఉండు," అని కొట్టు పెద్దావిడ వెనక మెట్లెక్కి వెళ్లిపోయింది.

అంతలో ఇంకో బస్సు వచ్చి ఆగింది. కొట్టు నిండిపోయింది. వేరేవాడైతే 'నాది కాదండీ' అని పక్కకు తప్పుకునేవాడు. బావగారు బల్ల అవతలికి వెళ్లిపోయారు. చీటీ మీద ధర చూసి చెప్పడం, శాలువా విప్పి భుజం మీద వేసి చూపించడం, చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి.

"మీ రంగుకి నీలం అతికినట్టుంటుందమ్మా. ఎరుపు మీ కోడలికి తీసుకోండి."

"నాకు కోడలు లేదు."

"వస్తుందిగా."

మొదటి హారన్ వినపడింది. ఈ ఒక్కటీ అమ్మేసి, అనుకున్నారు. రెండో హారన్‌కు ఇంకో రెండు శాలువాలు విప్పారు. తల ఎత్తేసరికి గుమ్మంలో భార్య.

"బస్సు కదులుతోంది," అంది. వెళ్లిపోయింది.

విప్పిన శాలువాలు బల్ల మీద, కొనేవాళ్లు ఎదుట. గిరాకీని నిలబెట్టి బల్ల దిగడం ఆయన వంశంలోనే లేదు. పోనీ దిగినా, నమ్మి అప్పగించిన కొట్టు ఎవరికి వదలాలి? కానీ ఇన్నేళ్లుగా లాభం ఏ బల్ల దగ్గర వచ్చిందో, నష్టం ఎవరికి మిగిల్చారో లెక్క వేసుకున్నారు.

జనంలోకి చూశారు. ఒక బట్టతలాయన ఏమీ కొనకుండా, అందరూ కెలికి పడేసిన ఉన్ని మేజోళ్లను జతలు కలిపి పెడుతున్నాడు.

"అయ్యా, మీది చెప్పుల కొట్టా?"

"అవునండీ. ఎలా తెలిసింది?"

"జతలు కలపకుండా ఉండలేకపోతున్నారుగా. మీ బస్సు ఎప్పుడు?"

"మా భోజనాలు ఇక్కడేనండీ. ఇంకా వండుతున్నారు."

"అయితే ఇలా రండి. పెద్దావిడ పాలు కాచి వస్తుంది. ధరలు చీటీల మీదున్నాయి, తగ్గించకండి."

ఆయన బల్ల అవతలికి వచ్చిన తీరు చూస్తే, ఎప్పుడు పిలుస్తారా అని కాచుకున్నట్టే ఉంది.

మూడో హారన్ మోగింది. బావగారు వీధిలోకి వచ్చేసరికి బస్సు మొదటి మలుపు తిరుగుతోంది. రోడ్డు కొండ చుట్టూ పాములా మెలికలు తిరుగుతూ దిగుతుంది, మెట్ల దారి ఊరి మధ్యగా నిటారుగా దిగుతుంది. పంచె ఎగ్గట్టి మెట్లు దిగారు. ఎవరో ఆరేసిన దుప్పటి కిందుగా దూరి, ఒక కోడిపుంజు తరుముతుంటే ఇంకాస్త వేగం పెంచి, కింది మలుపులో బస్సుకు అడ్డంగా నిలబడ్డారు.

"టిక్కెట్టుందా బావగారూ?" అన్నాడు గాజుల కొట్టాయన తలుపు తీస్తూ. బస్సంతా నవ్వింది.

భార్య నవ్వలేదు. ఆయన వగర్పు తగ్గేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"కొట్టు ఎవరికిచ్చి వచ్చారు?"

"చెప్పులాయనకి."

"గిరాకీ ఉండగానే?"

"ఉండగానే."

ఆవిడ కిటికీ వైపు కొంచెం జరిగి చోటిచ్చి, మంచినీళ్ల సీసా అందించింది.

పడవలో బావగారు చెక్కను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. అల లేచినప్పుడల్లా ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది. కొండ కింద గుహలోకి వెళ్లాక గాలి ఆగింది, నీళ్ల మీది వెలుగు పైకప్పంతా ఆడుతోంది.

"లోపల ఇంకో చుట్టు తిప్పమంటారా?" అన్నాడు పడవ నడిపేవాడు.

"తిప్పు," అన్నారు బావగారు, జీవితంలో మొదటిసారి ధర అడగకుండా.

ఆవిడ ఆయన మోచేతిని గట్టిగా పొడిచింది. "ముందు ఎంతో కనుక్కోండి," అంది.