తొమ్మిదో కాగితం

“మధ్య బొమ్మలా? అవెవరైనా గీస్తారండీ. మొదటిదీ చివరిదీ గీయడంలోనే ఉంది అసలు పనంతా,” అంటున్నాడు భర్త, హాల్లో ఎవరితోనో.

వంటింట్లో టీ వడకడుతున్న ఆమె చెయ్యి ఆగలేదు. ఆ మాట కొత్తదయితేగా ఆగడానికి. ఇద్దరూ ఒకే కార్టూన్ సినిమాల స్టూడియోలో పనిచేసే రోజుల్లోనూ అదే మాట. ఏ కదలికకైనా మొదటి బొమ్మా చివరి బొమ్మా ఆయన గీసి, నడుమ బొమ్మలు ఎక్కడెక్కడ పడాలో చిన్నచిన్న గీతలతో చార్టు వేసిచ్చేవాడు. కింద బల్బు వెలిగే గాజు బల్ల మీద కాగితాలు ఒకదానిపై ఒకటి పరుచుకుని, ఆ మధ్యవన్నీ ఆమె గీసేది. సెకనుకి పన్నెండు బొమ్మలు. తెర మీద ఆయన పేరు పెద్దక్షరాల్లో పడేది. ఆమె పేరు ‘మరియు బృందం’లో ఎక్కడో ఉండేది.

వచ్చింది మ్యూజియం ఆవిడ. పాత సినిమాల బొమ్మలతో ప్రదర్శన పెడుతున్నారట. వీళ్ళు పనిచేసిన ఓ సినిమాలో ముసలమ్మ కుర్చీలో కూర్చునే దృశ్యం కావాలట.

“రెండు సెకన్లే గానీ, మా దగ్గర బొమ్మలు నేర్చుకునే పిల్లలకి ఇప్పటికీ పాఠంగా చూపిస్తామండీ. కూర్చోబోయి ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, అక్కడే ఆవిడకి ప్రాణం వచ్చేస్తుంది,” అంటోంది.

“అవునవును,” అన్నాడు భర్త. అది తన పని కాదని మాత్రం అనలేదు.

ఆ ఆగడం చార్టులో లేదు. చార్టులో గీతలన్నీ సమాన దూరంలో ఉన్నాయి. అలాగే గీస్తే ముసలమ్మ లిఫ్టులో దిగినట్టు దిగుతుంది. ఇంట్లో అత్తగారు మోకాళ్ళ నొప్పులతో కూర్చోవడం ఆమె రోజూ చూసేది. కుర్చీ చేతి మీద చెయ్యి ఆనించి, దీన్ని నమ్మొచ్చా అన్నట్టు ఓ చూపు చూసి, అప్పుడు ఒళ్ళు వదిలేసేది పెద్దావిడ. “నా వంక అలా చూస్తూ నుంచుంటే పొయ్యి మీద కూర ఎవరు చూస్తారే తల్లీ,” అనేది. కూర మాడింది కూడా. మర్నాడు స్టూడియోలో చార్టు పక్కన పెట్టి, ఆ చూపు దగ్గర నాలుగైదు బొమ్మలు దాదాపు కదలిక లేకుండా దగ్గర దగ్గరగా గీసింది ఆమె. ప్రివ్యూలో దర్శకుడు లేచొచ్చి ఆయన భుజం తట్టాడు. ఆయన తట్టించుకున్నాడు. ఇంటికొచ్చే బస్సులో మాత్రం, “ఈసారికి సరిపోయింది. ఇంకెప్పుడూ చార్టు దాటకు,” అన్నాడు. ఆమె సరేనంది. ఎందుకన్నానా అని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో. ఆ ఏడే బాబు పుట్టాడు. రెండు నెలల్లో వచ్చేస్తానని పెన్సిళ్ళు బల్ల మీదే వదిలేసి వచ్చింది. ఆ రెండు నెలలూ ముప్పై ఏళ్ళయ్యాయి.

టీ కప్పులు తీసుకెళ్ళేసరికి మ్యూజియం ఆవిడ ఒళ్ళో భర్త తీసిచ్చిన రెండు కాగితాలున్నాయి, మడత పడకుండా.

“ఇవి ఒకటో నంబరు, ఇరవై నాలుగో నంబరు. మధ్యవి ఇరవై రెండు ఉండాలి కదండీ?”

“ఎప్పుడో పోయాయి. కావాలంటే ఎవరిచేతైనా గీయించుకోండి,” అన్నాడు భర్త.

ఎలా పోయాయో ఆమెకి తెలుసు. షూటింగయ్యాక స్టూడియో వాళ్ళు పారేస్తుంటే కట్టలు కట్టలుగా ఇంటికి తెచ్చుకున్నారు. ఆయనవి ఆయన పెట్టెలో దాచుకున్నాడు. తనవి ఆమె అలమర డబ్బాల కింద పరిచింది, బాబుకి లెక్కలు చేసుకోమని ఇచ్చింది. ఎవరూ చెప్పలేదు. మందపాటి కాగితం, వృథా ఎందుకనుకుంది. ఆయన మీద కోపం తెచ్చుకోవడం తేలికే. కానీ వాటిని చించి పరిచినవి తన చేతులే. ఆయన నోటితో అన్నదాన్ని తను చేత్తో చేసి చూపించింది. అది తలుచుకుంటే ఏడుపు కాదు, సిగ్గేసింది.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. స్టూలెక్కి, ఏడాదికోసారైనా చెయ్యి పెట్టని పై అరలోంచి డబ్బాలన్నీ దించింది. అడుగున ఒకే ఒక్కటి మిగిలింది. మధ్యలో గుండ్రంగా నూనె మరక, కింద బల్లకి తగిలించుకునే మూడు చిల్లులు, మూలన తొమ్మిదో నంబరు. కుర్చీ చేతి మీద చెయ్యి ఆనించి ముసలమ్మ అలాగే చూస్తోంది. దాన్ని హాల్లోకి తెచ్చి మ్యూజియం ఆవిడ ముందు చాపింది.

“ఈ నూనె కాగితం ఏం చేసుకుంటారే వాళ్ళు?” అన్నాడు భర్త.

మ్యూజియం ఆవిడ లేచి నిలబడి, రెండు చేతులతో అందుకుంది. “ఇదెవరు గీశారండీ?”

“నేను. ఆవిడ ఆగింది ఇక్కడే.”

భర్త కప్పులో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. మ్యూజియం ఆవిడ అలవాటు కొద్దీ ఆయన వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు తిరిగింది. “మిగతావి మీచేత గీయించుకోవచ్చా అమ్మా?”

“ఇప్పుడు గీస్తే అవి అప్పటివి కావు. ఇరవై నాలుగు ఫ్రేములు కట్టించండి. మొదట్లో, చివర్లో ఆయనవి పెట్టండి. తొమ్మిదో దాంట్లో ఇది.”

“మిగతావో?”

“ఖాళీగానే తగిలించండి.”

“ఖాళీ ఫ్రేములు చూడ్డానికి ఎవరొస్తారే?” అన్నాడు భర్త.

“నేనొస్తాను,” అంది ఆమె.