వరహాలు గదిలో ఆరని బల్బు

నేను ఒక టెస్టర్‌ని. బజారులోకి వచ్చిన రోజు నా పెట్టుబడి ఇంతే: ఒక ఇనుప కడ్డీ, పసుపు ప్లాస్టిక్ పిడి, కడుపులో వడ్లగింజంత దీపం, నెత్తిన ఇత్తడి టోపీ. మొన కరెంటుకు తగిలి, టోపీ మీద మనిషి వేలు పడితే దీపం వెలుగుతుంది. సరుకు చిన్నదే కానీ అబద్ధం ఆడదు. ఆ ఒక్క గుణాన్ని నమ్ముకునే వ్యాపారంలోకి దిగాను.

అనకాపల్లిలో నన్ను కొన్నవాడు సన్యాసిరావు, ముప్పై ఏళ్లుగా ఎలక్ట్రీషియన్. అనుభవం ముదిరాక మనుషులు అడగడం మానేస్తారు. నాతో రంగు డబ్బాల మూతలు లేపాడు, వీపు గోక్కున్నాడు. కరెంటు సంగతి మాత్రం ఒక్కసారీ అడగలేదు. దర్జీపని చేసే వరహాలు అద్దె గదికి వైరింగ్ చేసిన రోజూ అంతే. పైగా నన్ను అక్కడే మరిచిపోయాడు.

ఆ గదికి కిటికీ లేదు. స్విచ్ ఆపినా ఎల్ఈడీ బల్బు పూర్తిగా ఆరేది కాదు, మిణుకుమిణుకుమంటూ ఉండేది. వరహాలు మూడు బల్బులు మార్చింది. మూడూ అదే తంతు. గదిలో దెయ్యం ఉందని వీధంతా పాకింది. కొలతలిచ్చేవాళ్లు గడప తొక్కడం మానేశారు. చివరికి అప్పలనరసమ్మ కూడా కూతురి పెళ్లికిచ్చిన పదకొండు జాకెట్ల గుడ్డ వెనక్కి పట్టుకుపోవడానికి వచ్చేసింది. అవి పోతే వరహాలు మిషను మూసేసుకోవాల్సిందే.

“దెయ్యం చూస్తుండగా కుట్టిన జాకెట్టు మా పిల్లకొద్దు తల్లీ.”

“ఒక్క గంట ఆగండి అత్తా. మీ ఎదటే దాని జుట్టు పట్టుకుంటాను.”

బల్బు ఊడదీసి ఎదురింటికి పరిగెత్తింది. అక్కడ పెట్టి స్విచ్ ఆపితే బుద్ధిగా ఆరిపోయింది. అంటే తప్పు బల్బుది కాదు, గదిది! తిరిగొచ్చి, రబ్బరు చెప్పులు తొడుక్కుని, చెక్క స్టూలెక్కి, స్విచ్ ఆపేసి, ఖాళీ హోల్డర్‌లో నా మొన ఆనించి టోపీ మీద వేలు పెట్టింది.

నా జన్మకు మొదటి అసలైన ప్రశ్న! భగ్గున వెలిగాను. స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు!

కబురందుకుని సన్యాసిరావు వచ్చాడు. “నీ మొహం, ఆ టెస్టరు పాడైపోనాది,” అన్నాడు, నన్ను గుర్తుపట్టకుండానే.

వరహాలు నడుస్తున్న ఫ్యాను వైరు పీకి, ఆ ప్లగ్గులో నన్ను పెట్టింది, వెలిగాను. గోడకు ఆనించింది, వెలగలేదు. “ఇప్పుడు చెప్పు బాబాయ్, పాడైంది ఏటి?”

ఆయన బోర్డు విప్పి చూసి నెత్తి గోక్కున్నాడు. “స్విచ్చి ఫేజుకి బదులు న్యూట్రల్ మీద పడిపోనాదే.” అంటే స్విచ్ ఆపితే తెగేది కరెంటు వచ్చే తీగ కాదు, తిరిగిపోయే తీగ. పాత గుండు బల్బులైతే ఈ తప్పును కడుపులో దాచుకునేవి. ఎల్ఈడీకి చీమ తలకాయంత కరెంటు దొరికినా చాలు, బయటపెట్టేస్తుంది.

“దెయ్యం పేరు సన్యాసిరావంట అత్తా!”

అప్పలనరసమ్మ పగలబడి నవ్వింది. ఆయన మెయిన్ ఆపి వైర్లు మార్చాడు. మళ్లీ మెయిన్ వేసి, బల్బు పెట్టి, వెలిగించి, స్విచ్ ఆపారు. తలుపు వేస్తే కటిక చీకటి. ఆ చీకట్లోంచే అప్పలనరసమ్మ గొంతు: “ఇంక లైటెయ్యవే, చేతుల కొలత చెప్పాలి.”

సన్యాసిరావు నా కోసం చెయ్యి చాచాడు కానీ వరహాలు ఇవ్వలేదు. నా వైపు నష్టం, మొన మీద కాస్త పదును. లాభమంటారా? వెలగడం తప్ప మరో విద్య రాని నేను, ఒక గదికి నిండు చీకటి సంపాదించిపెట్టాను.